నాలుగడుగుల లోతు అడవి

మా మండలంలో అతి పెద్ద అడవి గువ్వలమడుగు. విస్తీర్ణం ఆరు వేల ఎకరాలు. సగటు లోతు నాలుగడుగులు. అందులో చెట్టన్నది ఒక్కటి కూడా లేదు. ఉన్నదల్లా నీళ్ళు, నీళ్ళ మీద పచ్చటి నాచు తుట్టె, తుట్టె కింద మా చేపలు. అయినా అది అడవే. కాగితం ఉంది.

ఆ కాగితం ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మడుగు సంగతి చెప్పాలి.

గువ్వలమడుగు పళ్ళెం లాంటిది. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి దోనె మీద గంటన్నర పడుతుంది గాని ఎక్కడ దిగినా మనిషి మునగడు. లోతు లేని నీళ్ళలో వెలుతురు అడుగుదాకా పోతుంది. వెలుతురు అందితే అడుగున గడ్డి పెరుగుతుంది. గడ్డి బురదను కదలకుండా పట్టి ఉంచుతుంది, నీళ్ళు తేటగా ఉంటాయి. తేటగా ఉంటే మళ్ళీ వెలుతురు కిందికి పోతుంది. మా మడుగులంక చేపల సొసైటీ ప్రెసిడెంటు సైదు లంకమ్మ ఏటా చేపపిల్లలు వదిలే ముందు ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి కిందికి చూసేది. తన కాలివేళ్ళు తనకి కనబడితే సరే అనేది, మేము పిల్లల్ని వదిలేవాళ్ళం. వాళ్ళ అత్తగారూ అలాగే చూసేదట. అంతకు మించిన పరీక్ష మాకు తెలియదు.

ఆరేళ్ళుగా లంకమ్మకి కాలివేళ్ళు కనబడడం లేదు. మోకాళ్ళు కూడా కనబడడం లేదు. ఎగువనున్న పట్నం పెరిగి, అక్కడి మురుగంతా ఒక కాలవలో పడి, ఆ కాలవ షట్టరు దగ్గర మా మడుగులో కలుస్తోంది. పట్నానికీ మాకూ మధ్యనున్న చేలలో వేసిన యూరియా, వరి తాగినంత తాగగా మిగిలింది, అదే కాలవ పట్టుకుని వస్తోంది. దానికి తోడు ఎండలు. వెనకటి రోజుల్లో శివరాత్రి దాకా తెల్లవారుజామున దుప్పటి కప్పుకునేవాళ్ళం. ఇప్పుడు సంక్రాంతి పోయిన నెలకే మడుగు నీళ్ళు పొయ్యి మీంచి దించిన గంజిలా ఉంటున్నాయి. లోతు లేని గిన్నె తొందరగా కాగుతుంది. తిండి దండిగా ఉండి, వేడి తగిలాక నాచు ఊరుకుంటుందా? నీళ్ళకి ఆకుపచ్చ రంగు వేసినట్టయింది. వెలుతురందక అడుగున గడ్డి చచ్చింది. గడ్డి చచ్చాక బురద లేచింది. బురద లేచాక ఉన్న కాస్త వెలుతురూ పోయింది.

అప్పటికీ ఏదో ఒక మూల దడి కట్టుకుని చేపల్ని పెంచుకుంటూనే ఉన్నాం. దడి అంటే వెదురుబద్దల కంచె. దాని లోపల యాభై ఎకరాల నీళ్ళు, అందులో అరవై వేల చేపలు, ఎక్కువ బొచ్చెలు, కొన్ని శీలావతులు. నూట నలభై ఇళ్ళకి ఏడాది తిండి అదే.

ఇలా ఉండగా ప్రతి మండలంలోనూ మూడో వంతు భూమి పచ్చగా ఉండి తీరాలని ఒక నిబంధన వచ్చింది. పదహారు రోజులకోసారి ఉపగ్రహం పైనుంచి ఫోటో తీస్తుంది. దాన్ని కంప్యూటరు చూసి శాతం చెబుతుంది. వరిచేలు లెక్కలోకి రావు, ఎందుకంటే వాటిని కోస్తారు. కోతకొచ్చే పచ్చదనం పంట, కోయని పచ్చదనం అడవి. అది నిర్వచనం. మా మండలం శాతం పంతొమ్మిది దగ్గర ఆగిపోయింది. నాటిన మొక్కలు ఎండిపోయాయి. ఎండినవాటి స్థానంలో మళ్ళీ నాటారు, అవీ ఎండాయి. మండల హరిత విస్తీర్ణాధికారి విద్యాధరరావు గారిని ప్రతి సమావేశంలోనూ నిలబెట్టి అడుగుతున్నారని, ఆయన బక్కచిక్కిపోయారని విన్నాం.

ఆ ఫిబ్రవరిలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన జీపు మా ఊరొచ్చింది. జీపు వెనక పూలదండ వేలాడుతోంది. దిగీదిగగానే అడవి ఎక్కడ అని అడిగారు. మాకు అర్థం కాలేదు. ఆయన బ్యాగులోంచి ఉపగ్రహం ఫోటో తీసి చూపించారు. పైనుంచి చూస్తే మా మడుగు ముద్ద పచ్చగా, చిట్టడవిలా ఉంది. మండలం శాతం ఒక్క విడతలో పంతొమ్మిది నుంచి ముప్ఫై నాలుగయింది. ఈ అడవిని పెంచిన గ్రామస్థులకి దండ వెయ్యడానికి స్వయంగా వచ్చారట.

లంకమ్మ ఆయన్ని గట్టు మీదికి తీసుకెళ్ళి నీళ్ళు చూపించింది. ఆయన చాలాసేపు చూశారు. వాసనకి రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. పాపం, ఆయన మొహంలో ముప్ఫై నాలుగు మళ్ళీ పంతొమ్మిదిగా దిగిపోవడం మాకందరికీ కనబడింది. అప్పుడాయన బ్యాగు తీసి నిబంధనల పుస్తకం తెరిచారు. గట్టు మీద నిలబడే మూడు పేజీలు చదివారు. చదివాక రుమాలు జేబులో పెట్టుకున్నారు.

"నిబంధనలో చెట్టు అనే మాట ఎక్కడా లేదమ్మా," అన్నారు. "పైనుంచి ఆకుపచ్చగా కనబడుతూ, కోతకు రాని జీవజాలం అని ఉంది. ఇది ఆకుపచ్చగా ఉందా?"

"ఉందండి," అంది లంకమ్మ.

"జీవమేనా?"

"జీవమేనండి. మా పేణాలు తీసేదే అది."

"మీరు కోస్తున్నారా?"

"దాన్నేం కోత్తామండి."

"అయితే అడవే," అని దండ ఆవిడకిచ్చి వెళ్ళిపోయారు.

వారం తిరక్కుండా గట్టు మీద బోర్డు లేచింది. 'రక్షిత హరిత ప్రాంతం. ఇందలి పచ్చదనమునకు ఏ విధమైన హాని కలిగించిననూ శిక్షార్హులు.' బోర్డు వెనక నిలబడి చూస్తే కనుచూపు మేర నాచు తేలుతోంది. దాని మీద కొంగలు కూడా వాలడం లేదు.

మాకు కావలసింది రెండే. ఎండలు ముదరకముందే ఆ తుట్టెను వలలతో లాగి ఒడ్డున పడెయ్యాలి. వానలు పడేదాకా కాలవ షట్టరు దించి ఉంచాలి. అంతే, చేపలు బతుకుతాయి. నేను బి.ఎస్సీ. చదివి సొసైటీ కార్యదర్శిగా ఉన్నాను కాబట్టి అర్జీ రాసే పని నాది. అర్జీ ఆన్‌లైన్లోనే పెట్టాలన్నారు. మీసేవలో కుర్చీలో కూర్చున్న అమ్మాయి జాబితా అంతా వెదికింది. నాచు తొలగింపు అనే శీర్షిక లేదు. షట్టరు దించుట అనీ లేదు. హరిత ప్రాంతాల కింద ఉన్నది ఒకటే, చెట్ల నరికివేతకు అనుమతి. అది నొక్కితే గాని తరవాతి పేజీ రావడం లేదు. నొక్కాం. తప్పు అక్కడే జరిగిందని మా ఊళ్ళో కొందరు ఇప్పటికీ అంటారు.

పదిహేనో రోజున వృక్ష తనిఖీ అధికారి ఫణీంద్ర టేపు పట్టుకుని వచ్చాడు. నరకదలచిన ప్రతి చెట్టుకీ మనిషి ఛాతీ ఎత్తులో చుట్టుకొలత తియ్యాలి. చాలా నిజాయితీ గల మనిషి. ప్యాంటు మడిచి, కుదరక విప్పి, లంకమ్మ ఇచ్చిన తుండు కట్టుకుని, ఛాతీ లోతు వచ్చేదాకా నీళ్ళలోకి నడిచాడు. అక్కడ టేపు విప్పి చుట్టూ చూశాడు.

"దేన్ని కొలవాలండీ?" అన్నాడు ఒడ్డున ఉన్న మాతో.

"మీరే చెప్పాలి బాబూ," అంది లంకమ్మ.

కొలవలేనిదాన్ని లెక్కబెట్టవచ్చని నియమావళిలో ఉందట. ఒక సీసాలో నీళ్ళు పట్టుకుని వెళ్ళాడు. ప్రయోగశాల నివేదిక నెలకొచ్చింది. ఒక మిల్లీలీటరులో పది లక్షల వృక్షాలున్నట్టు నిర్ధారణ అయింది. దాని వెనకే ఉత్తర్వు వచ్చింది. తమరి అర్జీ సానుభూతితో పరిశీలించబడినదనీ, తొలగించు ప్రతి వృక్షమునకు బదులు పది మొక్కలు ముందుగా నాటి, అవి నాటుకొనినట్లు ధ్రువపత్రం జతచేసినచో అనుమతి మంజూరు కాగలదనీ దాని సారాంశం.

నేను గట్టు మీద కూర్చుని లెక్క వేశాను. బిందె పదిహేను లీటర్లు. ఒక్క బిందె నాచు తీస్తే పదిహేను వందల కోట్ల చెట్లు నరికినట్టు. దానికి పదిహేను వేల కోట్ల మొక్కలు నాటాలి. చదరపు మీటరుకొకటి చొప్పున నాటితే రాష్ట్రం దాదాపు నిండుతుంది. ఇళ్ళూ రోడ్లూ తీసేస్తే ఇంకాస్త సులువు. లంకమ్మకి చెప్పాను. ఆవిడ ఆ మొక్కలకి కూడా యూరియా ఎయ్యాలా అని అడిగింది.

షట్టరు సంగతి కూడా ఉత్తర్వు చివర ఉంది. సదరు కాలవ అడవికి ఏకైక పోషణాధారము కావున దానిని మూయుట వృక్షములను పస్తు పెట్టుటతో సమానమని తెలియజేయడమైనది.

ఉగాది వెళ్ళింది. పైనుంచి ఒక కమిటీ మా అడవిని ఆదర్శ అడవిగా పరిశీలించడానికి రాబోతోందని తెలిసింది. విద్యాధరరావు గారు మళ్ళీ వచ్చారు. ఈసారి మనిషి కాస్త ఒళ్ళు చేశారు. ఊళ్ళో సమావేశం పెట్టి మాట్లాడారు. ఇతర మండలాల్లో ఎండలకి మొక్కలు మాడుతుంటే మన అడవి ఎండ పెరిగినకొద్దీ చిక్కబడుతున్నదనీ, ఉష్ణోగ్రతలు మనకు సంపూర్ణ సహకారం అందిస్తున్నాయనీ, దీన్ని వాతావరణ మార్పును తట్టుకొను నమూనాగా పైకి పంపుతున్నామనీ చెప్పారు. అయితే నైరుతి మూల కాస్త పలచగా ఉన్నట్టు ఫోటోలో కనబడిందట. అందుకని ఎకరానికి అరబస్తా యూరియా మంజూరు చేయించారు.

నైరుతి మూలంటే మా దడి ఉన్న చోటు. అక్కడ పలచగా ఉండటానికి కారణం, మేము బోర్డు చాటున రోజూ పొద్దున్నే చేటలతో కాస్తకాస్త తుట్టె తీసి పారబోస్తున్నాం.

లంకమ్మ లేచి నిలబడింది. ఆవిడ సభలో మాట్లాడటం అదే మొదలు.

"అయ్యా, ఆ పచ్చది పగలు ఊపిరిత్తది, రాత్రి లాక్కుంటది. మబ్బట్టిన రోజు ఇచ్చేది ఉండదు, లాక్కోటమే. నీల్లు ఎచ్చబడితే ఉన్న ఊపిరి కూడా నిలవదు. ఇప్పటికే తెల్లారేసరికి సేపలు పైకొచ్చి నోళ్ళు తెరుత్తన్నాయి. ఇంక మీరు ఎరువేత్తే, గాలి లేని మబ్బు రోజొకటి చాలు. అరవై ఏలూ ఎల్లకిలా తేల్తాయి. పోనీ ముందే పట్టుకోనియ్యండి."

విద్యాధరరావు గారు శ్రద్ధగా విన్నారు. వలలు లాగితే పచ్చదనం చెదురుతుంది కాబట్టి అనుమతించలేమన్నారు. చేపల విషయం మత్స్యశాఖకి చెందుతుందన్నారు. నీళ్ళు నీటిపారుదల శాఖవి, మురుగు పురపాలక సంఘానిది. తనకి పచ్చదనం ఒక్కటే అప్పగించారని, ఆ ఒక్కటీ తాను సక్రమంగా నిర్వర్తిస్తున్నానని చెప్పారు. అందులో అబద్ధం లేదు.

యూరియా లారీ సోమవారం వస్తుందన్నారు. చల్లడానికి మా దోనెలే, మా మనుషులే. పనిచేసేవాళ్ళకి వనసేవక్ అని రాసిన ఆకుపచ్చ టోపీలు ముందుగానే పంచారు.

మర్నాడు శనివారం. లంకమ్మ పొద్దున్నే మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. రెండు రోజులుగా తిండి తిన్నట్టు లేదు.

"ఒరే అబ్బాయ్, అడివిలో మేకల్ని మేపితే ఏంటి శిచ్చ?" అని అడిగింది.

"మేకల్ని బయటికి తోలేస్తారు పిన్నీ. మేపినవాడికి కేసు."

"ఎన్నాళ్ళకి తోల్తారు?"

"అడవిశాఖ వాళ్ళకి పశువు కనబడితే ఆ పూటే."

"మరి బొచ్చె నోరు తెరిచి తిరిగేది ఎందుకంట? ఆ పచ్చదనంలో కొంత అది తినటంలా?"

నాకు అర్థమయ్యేసరికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక కాగితం తీశాను. సదరు రక్షిత హరిత ప్రాంతపు నైరుతి భాగమున సుమారు అరవై వేల పశువులు అనుమతి లేకుండా రాత్రింబవళ్ళు మేయుచున్నవనియు, అందువల్లనే అచ్చట పచ్చదనము పలచబడినదనియు, తక్షణ చర్య తీసుకొనవలెననియు రాశాను. కింద లంకమ్మ సంతకం పెట్టింది. దీనికి ఆన్‌లైన్లో శీర్షిక ఉంది, అడవిలో అక్రమ మేత. అత్యవసరం అని ఎర్రటి అక్షరాలతో ఉంది.

రెండు నెలలుగా మా ఫోను ఎత్తని ఆఫీసు నుంచి నలభై నిమిషాల్లో ఫోనొచ్చింది. విద్యాధరరావు గారే. మేపుతున్నది ఎవరు అని అడిగారు.

"మేమేనండి," అంది లంకమ్మ.

"మీ మీద మీరే ఫిర్యాదు చేస్తున్నారా?"

"అడివండి గదా. చూత్తా ఊరుకోలేకపోయానండి."

ఆయన తెలివితక్కువవాడు కాదు. మా ఎత్తు ఆయనకి అర్థమయ్యే ఉంటుంది. కాని పశువులు మేస్తున్నాయన్న ఫిర్యాదు అధికారికంగా నమోదయ్యాక, నమోదైన సమయం పై ఆఫీసులో కూడా కనబడుతుండగా, కమిటీ వారం రోజుల్లో రాబోతుండగా, అర్థమైనా చేసేదేముంది? వాటిని అక్కడే వదిలేస్తే ఏమవుతుందని మాత్రం అడిగారు. ఫోను నాకిమ్మని సైగ చేశాను. అడవి హద్దుల్లో పశువు చనిపోతే ఒక్కో కళేబరానికీ వేరుగా పశువైద్యాధికారి పంచనామా రాయవలసి ఉంటుందని, ఆ నిబంధన వారి పుస్తకంలోనే ఫలానా పేజీలో ఉందని మనవి చేశాను. అరవై వేల పంచనామాలు. ఆయన పేజీలు తిప్పే చప్పుడు వినబడింది.

సాయంత్రానికి ఉత్తర్వు చేతికొచ్చింది. సదరు పశువులను డెబ్బై రెండు గంటలలో అటవీ ప్రాంతము నుండి సజీవముగా తరలించవలెను. తరలింపునకు అవసరమైన వలలు ఉపయోగించుటకు ప్రత్యేక అనుమతి ఇవ్వడమైనది. పచ్చదనం మేసి పలచబడిన చోట ఎరువు వేసినచో పశువులు మరింతగా ఆకర్షింపబడు ప్రమాదమున్నందున యూరియా వాయిదా వేయడమైనది.

ఆ మూడు రోజులూ ఊరు ఊరంతా నీళ్ళలోనే ఉంది. రెండు కిలోమీటర్ల అవతల మంచి కాలవ కింద రామభద్రరాజు గారి నలభై ఎకరాల చెరువు ఖాళీగా ఉంటే, వచ్చిన దానిలో సగం ఆయనకిచ్చేటట్టు మాట్లాడుకున్నాం. పది ట్రాక్టర్ల తొట్లలో టార్పాలిన్లు పరిచి, నీళ్ళు పోసి, చేపలు వేసి, ఆడవాళ్ళు పైనెక్కి దోవ పొడుగునా గిన్నెలతో నీళ్ళు ఎత్తిపోస్తూ తీసుకెళ్ళారు. దగ్గర నిలబడి కానిస్టేబుళ్ళు బందోబస్తు ఇచ్చారు. ఫణీంద్ర ఒక్కో ట్రాక్టరునీ ఆపి, లోపలున్న నేరస్థుల సంఖ్య రాసుకున్నాడు. ఒక శీలావతి తొట్లోంచి ఎగిరి అడవిలోకి పారిపోతే దాన్ని మళ్ళీ పట్టేదాకా ట్రాక్టరు కదలనివ్వలేదు.

మూడో రోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. గాలి ఆగిపోయింది. ఆకు కదలడం లేదని నేనన్నా లంకమ్మ వల లాగడం ఆపలేదు. చీకటి పడ్డాక గడువు అయిపోయిందని అందరినీ ఒడ్డుకి పిలిచేశారు. నాలుగో రోజు తెల్లారేసరికి దడి లోపల మిగిలిన ఐదారు వేలూ తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. లంకమ్మ దోనె మీద వాటి మధ్యకి వెళ్ళి, ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, దాని మొప్పలు విప్పి చూసి, నీళ్ళలో పెట్టేసింది. ఉత్తర్వును ధిక్కరించి ఉండిపోయిన పశువుల మృతికి శాఖ బాధ్యత వహించదని విద్యాధరరావు గారు రాసుకున్నారు.

ఆ తరవాత జరిగింది త్వరగా చెబుతాను. ఎండలకి నాచే కుళ్ళింది. మడుగంతా గోధుమరంగుకి తిరిగింది. వాసనకి కిటికీలు మూసుకున్నాం. సరిగ్గా ఆ వారమే కమిటీ వచ్చింది. మాకు కాస్త ఆశ కలిగింది. విద్యాధరరావు గారు ఏమాత్రం తడబడలేదు. ఇది ఆకురాల్చు అడవి అని, ప్రస్తుతం ఆకురాలు కాలమని వివరించారు. కమిటీ రాసుకుంది. వారిలో పెద్దాయన లంకమ్మని పిలిచి, పచ్చదనం కోసం పశువుల్ని త్యాగం చేసిన మహిళగా శాలువా కప్పి, చిగురు ఎప్పుడొస్తుందని అడిగాడు. షట్టరు ఎత్తి ఉన్నంతకాలం దానికేం కొదవ లేదండి అని చెప్పింది.

శాలువాతో పాటు ఒక కవరు కూడా ఇచ్చారు. మడుగులో చేపలు లేనట్లు ప్రభుత్వ రికార్డుల ప్రకారం రూఢి అయినందున, చేపల సొసైటీకి అందులో ఇక పని లేనట్లే భావించి హక్కు రద్దు చేయడమైనది. నేను చదివి వినిపిస్తే ఊళ్ళోవాళ్ళు లంకమ్మ మీద లేచారు. ఫిర్యాదు పెట్టింది నువ్వే, మడుగు పోగొట్టింది నువ్వే అన్నారు. ఆవిడ చాలాసేపు విని, "మడుగుంది. సేపలున్నాయి. రెండూ ఒకచోట లేవు, అంతే," అంది. ఎవరికీ అది పెద్ద ఓదార్పు కాలేదు. ఆవిడకీ కాలేదని నా అనుమానం.

ఇప్పుడు మేమంతా రోజూ పొద్దున్నే రాజుగారి చెరువుకి నడిచి వెళ్ళి, మా చేపలకి మేమే కూలివాళ్ళుగా మేత వేసి వస్తున్నాం. చేపలు బాగున్నాయి. కిలో దాటాయి.

మొన్న సోమవారం నేనూ వెళ్ళాను. చెరువు తూర్పు గట్టు వెంట నీళ్ళకి పలచగా ఆకుపచ్చ రంగు వచ్చింది. గాలికి ఒక మూల చేరిన తుట్టె చాప వెడల్పున ఉంది. లంకమ్మ దాన్ని చూసి, గట్టు పొడుగునా నడిచి, రాజుగారి వరిచేలో నీళ్ళు ఒక బోదెలోంచి చెరువులోకి జారుతున్న చోటు పట్టుకుంది. రాజుగారిని అక్కడికి పిలిపించింది. ఆ చేలో ఎరువెప్పుడు వేశారని అడిగింది. నాలుగు రోజులైందన్నారాయన.

"ఈ బోదె ఇప్పుడే కట్టెయ్యాలండి. చేలో నీల్లు అటు తిప్పుకోండి."

"కడదాంలే లంకమ్మా. కంగారేముంది?"

"ఎల్లుండి బుధవారం పైనుంచి ఫోటో తీత్తారండి. ఈలోపల మీ చెరువు అడివి కాకూడదు."

రాజుగారు వెంటనే పంచె ఎగ్గట్టి, గట్టు మీదున్న పార తీసుకుని, మూడు తట్టల మట్టి తవ్వి బోదెకి అడ్డం వేసి తొక్కారు. పది నిమిషాలు పట్టింది.